పూతకు కబురందించే గాలి: ఇథిలీన్‌తో అనాసనూ పాదులనూ పూయించే పద్ధతి

అనాస మొక్కకు నీళ్లు, ఎరువు, ఎండ అన్నీ సరిగ్గా అందినా రెండేళ్లకూ పూత రాకపోవడం మామూలే. ఒకే రోజు నాటిన మడిలో సగం మొక్కలు పూసి, మిగతా సగం ఆకులు పెంచుకుంటూ పోవడం ఇంకా మామూలు. అలాంటప్పుడు చాలామంది నేలను అనుమానించి మళ్లీ ఎరువు వేస్తారు. దాంతో ఆకులు మరింత ముదురు పచ్చగా పెరుగుతాయి, పూత మరింత వెనక్కి పోతుంది. అనాస ఎదురుచూసే సంకేతం నేలలోంచి రాదు, గాలిలో వస్తుంది. ఆ వాయువే ఇథిలీన్. మొక్క తన మొవ్వులో తానే దాన్ని తయారుచేసుకుంటుంది. పక్కనున్న పండు విడిచినా, పొగతో పాటు వచ్చినా అంతే స్పందిస్తుంది. వాయువు ఎక్కడి నుంచి వచ్చిందన్నది మొక్కకు అక్కర్లేదు. ఎంత మోతాదులో, ఎంతసేపు, మొక్క ఏ వయసులో ఉండగా అందిందన్నదే లెక్క.

ఈ సంగతి మొదట పొగ వల్ల బయటపడింది. పోర్చుగల్‌కు చెందిన అజోర్స్ దీవుల్లో గాజు ఇళ్లలో అనాస పెంచేవారు. లోపల పొగ నిండితే మొక్కలన్నీ ఒకేసారి పూస్తున్నాయని 19వ శతాబ్దంలోనే వాళ్లు గమనించారు. ఆ తర్వాత కావాలనే పొగ పెట్టడం మొదలుపెట్టారు. ఫిలిప్పీన్స్‌లో మామిడి చెట్ల కింద పచ్చి ఆకులు, చెత్త వేసి రోజుల తరబడి పొగ పెట్టడమూ ఇదే కోవలోది. 1901లో రష్యా శాస్త్రవేత్త నెల్యుబోవ్, వీధిదీపాల గ్యాసులో మొక్కలను మార్చేది ఇథిలీనేనని తేల్చాడు. 1932లో ప్యూర్టో రికోలో రోడ్రిగెజ్ అనాసపై చేసిన ప్రయోగాలతో, పొగలో పూతను రప్పించేది కూడా అదేనని తెలిసింది. మొక్కలు స్వయంగా ఈ వాయువును తయారుచేస్తాయని 1934లో గేన్ నిరూపించాడు.

పని మొదలుపెట్టే ముందు ఒక విషయం మనసులో పెట్టుకోవాలి. గాలి ద్వారా పోయే సంకేతానికి మూసిన చోటు కావాలి. దీనికి మంచి ఉదాహరణ పెట్యూనియా పువ్వు. మొగ్గ విచ్చుకోకముందు, రేకుల గొట్టం లోపలి గోడలు జెర్మక్రీన్ డి అనే ఆవిరి పదార్థాన్ని విడుస్తాయి. మొగ్గ మూసి ఉంటుంది కనుక అది బయటికి పోదు, మధ్యలో ఉన్న అండకోశం (పువ్వులోని ఆడ భాగం) మీదికే చేరుతుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయంలో నటాలియా దుదరేవా బృందం దీన్ని 2019లో బయటపెట్టింది. ఆ ఆవిరిని తయారుచేసే జన్యువును అణచివేస్తే అండకోశం చిన్నదైపోయింది, దాని మీద ఉండే సూక్ష్మజీవుల తీరూ మారిపోయింది. 2024లో అదే బృందం ఈ సంకేతాన్ని పట్టుకునే గ్రాహకాన్ని కూడా గుర్తించింది. కాలిన అడవి పొగలోని పదార్థాలను గుర్తుపట్టి విత్తనాలను మొలిపించే కేఏఐ2 అనే గ్రాహకాల కుటుంబంలోదే అది. విచ్చుకున్న పువ్వులో ఈ పని జరగదు, ఎందుకంటే ఆవిరి గాలిలో కలిసిపోతుంది. మనం చేయబోయే పనుల్లోనూ మూత వదులైనా, గాలి వీచినా, ఇథిలీన్ విడిచే మందు సుడిలో (మొక్క నడిమి ఆకుల మధ్య గుంటలో) నిలవకపోయినా ఫలితం చేజారుతుంది.

మొక్క సిద్ధంగా ఉందా?

పూత వైఫల్యాల్లో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. చిన్న మొక్కకు ఇథిలీన్ అందించినా అది పూస్తుంది. కాయ మాత్రం పిడికిలంత వచ్చి ఆగిపోతుంది. అనాస ఒక్కసారే పూస్తుంది, కాయ పరిమాణం పూత రోజున మొక్కకు ఉన్న బలాన్ని బట్టే ఉంటుంది. తొందరపడితే ఆ నష్టం తర్వాత ఎరువుతో పూడదు.

క్యూ రకానికి 39 నుంచి 42 ఆకులు ఉండాలి. నాటిన పదహారు, పదిహేడు నెలలకు ఆ దశ వస్తుంది. మారిషస్ రకం చిన్నది, కేరళలో దానికి ఏడెనిమిది నెలలకే మందు పోస్తారు. ఎండి నేలకు వాలినవి వదిలి, పచ్చగా నిలబడ్డ ఆకులనే లెక్కించండి. లెక్కించే ఓపిక లేకపోతే ఇంకో దారి ఉంది. ఆకులన్నీ రెండు చేతులతో పైకి దగ్గరికి చేర్చి, వాటిలో అన్నింటికన్నా పొడవైనదాన్ని మొదలంటా పెరికి తూయండి. క్యూ రకంలో అది 80 గ్రాములకు దగ్గరగా ఉంటే మొక్క సిద్ధం. మడిలో అక్కడక్కడా పది మొక్కలు చూసి సగటు తీస్తే చాలు. కుండీలో కిరీటం (కాయ పైనుండే ఆకుల గుత్తి) నాటి పెంచిన మొక్కకు ఇంకా ఎక్కువ కాలం పడుతుంది. ఏడాదిన్నర నుంచి రెండేళ్లు, కొన్నిసార్లు అంతకుమించి. పిలక నాటితే త్వరగా వస్తుంది.

మందు పోయడానికి నెల ముందు నుంచి నేలకు యూరియా ఆపేయండి. నత్రజని ఎక్కువై జోరుగా పెరుగుతున్న మొక్క ఇథిలీన్‌కు సరిగా లొంగదు. అలాగని వాడిపోయేలా నీళ్లు కూడా ఆపకూడదు.

ఏ కాలంలో చేస్తారన్నది కూడా చూసుకోవాలి. చలి రాత్రులు, పొట్టి పగళ్లు వచ్చాక అనాస తనంతట తానే పూస్తుంది. చలి తగిలినప్పుడు మొవ్వులో ఇథిలీన్‌ను తయారుచేసే ఎంజైము చురుకవుతుంది, అదే పూతకు నాంది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో ఆ ఎంజైము జన్యువును అణచిన మొక్కలు ఆలస్యంగా పూశాయి. సీతంపేట ఏజెన్సీ కొండవాలుల్లో వర్షాధారంగా పెరిగే అనాస కూడా ఇలా చలికి పూసి, వానాకాలం మొదట్లో ఒక్కసారిగా పండుతుంది. అందరి పంటా ఒకేసారి సంతకు చేరి ధర పడిపోతుంది. తోటను నాలుగు భాగాలు చేసి నెలకొక భాగానికి మందు పోస్తే కాయ కూడా నెలకొక విడతగా వస్తుంది. ఇథిలీన్ వాడటంలో రైతుకు అసలు లాభం ఇదేనని నా నమ్మకం. ఒకేసారి పూయించడం కన్నా మనకు కావాల్సినప్పుడు పూయించడమే విలువైనది.

కుండీ మొక్కకు: పండూ, కవరూ

ఒకటి రెండు మొక్కలకు మందు కొనక్కర్లేదు. మాగే పండు నుంచి వచ్చే ఇథిలీన్ చాలు. ఆపిల్, అరటి, మామిడి, సపోటా, బొప్పాయి, ఏదైనా సరే. బత్తాయి, నిమ్మ, ద్రాక్ష, దానిమ్మ పనికిరావు. అవి మాగేటప్పుడు ఇథిలీన్ అంతగా విడవవు. ఇంట్లో చాలామంది ఆపిల్‌తోనే చేస్తారు, అది నెమ్మదిగా కుళ్లుతుంది కనుక. అరటి త్వరగా మెత్తబడి రసం కారుతుంది, చీమలు పడతాయి. చవకగా దొరికేది అరటే అయితే మూడు రోజులకోసారి మార్చండి.

మొదట కుండీని వంచి సుడిలో నిలిచిన నీళ్లు ఒంపేయండి. కుండీ మట్టికి ముందు రోజే నీళ్లు పెట్టి ఉంచండి, కవరు తీసేదాకా మళ్లీ పెట్టనక్కర్లేదు. బాగా మాగిన రెండు ఆపిళ్లు మొక్క మొదట్లో, మట్టి మీద పెట్టండి. అందులో ఒకదాన్ని రెండుగా కోస్తే వాయువు ఎక్కువ వస్తుంది. సుడిలో మాత్రం ముక్కలు వేయకండి, అవి కుళ్లి మొవ్వు చెడుతుంది. మొక్కంతా పట్టే పారదర్శకమైన ప్లాస్టిక్ కవరు పైనుంచి తొడిగి, కుండీ నడుముకు తాడుతో బిగించి కట్టండి. కవరుకు చిల్లి ఉందేమో వెలుగుకు పట్టి చూడండి. ఆకుల మొనలు గుచ్చుకుని చిరుగుతుంటే లోపల నాలుగు కర్రలు పాతి వాటి మీద కవరు నిలబెట్టండి.

కుండీని నేరుగా ఎండ తగలని, వెలుతురున్న వసారాలో పెట్టాలి. ఎండలో పెడితే కవరు లోపల వేడి పెరిగి ఆకులు ఉడికిపోతాయి. ఇలా మొక్కలు పోగొట్టుకున్నవాళ్లు చాలామంది. ఐదు నుంచి ఏడు రోజులు, అరటి మార్చడానికి తప్ప, కవరు విప్పవద్దు. ముఖ్యంగా రాత్రిళ్లు కవరు ఉండి తీరాలి. అనాస ఎడారి మొక్కల పద్ధతిలో శ్వాసిస్తుంది. ఆకుల రంధ్రాలు పగలు మూసుకుని రాత్రి తెరుచుకుంటాయి, గాలిలోని ఇథిలీన్ లోపలికి పోయేది అప్పుడే. పగలు కట్టి, రాత్రి గాలి ఆడాలని విప్పేసేవాళ్ల శ్రమ వృథా.

గది పెద్దదనో, కవరు దొరకలేదనో మొక్క పక్కన ఊరికే పండు పెడితే ఏమీ జరగదు. ఇథిలీన్ బరువు గాలి బరువుకు దాదాపు సమానం. అది కిందికి దిగి పేరుకోదు, పైకీ తేలదు, గదంతా సమంగా పరుచుకుపోతుంది.

కవరు తీశాక మామూలుగా నీళ్లు, వెలుతురు ఇవ్వండి. ఆరు నుంచి ఎనిమిది వారాల్లో నడిమి ఆకులు పొట్టిగా మారి, సుడి కాస్త వెడల్పవుతుంది, మొదట్లో ఎర్రటి ఛాయ కనిపిస్తుంది. అదే మొగ్గ. మూడు నెలలైనా ఏమీ కనిపించకపోతే మళ్లీ చేయవచ్చు. నర్సరీల్లో అలంకరణకు అమ్మే గుజ్మానియా, ఏక్మియా వంటి మొక్కలు కూడా అనాస కుటుంబంలోవే, ఇదే పద్ధతికి పూస్తాయి.

తోటకు: ఇథెఫాన్ కొలత

పొలంలో మొక్కమొక్కకూ కవరు తొడగలేం కనుక వాయువును నీళ్లలో మోసుకెళ్లే మందు వాడతాం. అదే ఇథెఫాన్. కొట్లో 39 శాతం ద్రవంగా దొరుకుతుంది, రైతులు ఇథ్రిల్ అనే వ్యాపార నామంతోనే అడుగుతారు. సీసాలో ఇది గాఢమైన ఆమ్లం. ఆమ్లంగా ఉన్నంతకాలం చెక్కుచెదరదు. నీళ్లలో పలచబడి ఆమ్లత తగ్గగానే విడిపోయి ఇథిలీన్ విడుదల చేస్తుంది. అందుకే కలిపిన మందును దాచిపెట్టకూడదు. రాత్రి కలిపి పొద్దున పోస్తే మందు బలం తగ్గిపోతుంది.

అనాసకు కావాల్సింది 25 పీపీఎం, అంటే లీటరు నీటిలో 25 మిల్లీగ్రాముల అసలు మందు. కొలవడానికి ఒక లెక్క గుర్తుంచుకోండి. కావాల్సిన పీపీఎంను నీటి లీటర్లతో హెచ్చించి, మందు శాతానికి పది రెట్లతో భాగిస్తే ఎన్ని మిల్లీలీటర్లు పోయాలో వస్తుంది. 50 లీటర్లకు 25ను 50తో హెచ్చిస్తే 1250. దాన్ని 390తో భాగిస్తే 3.2 మిల్లీలీటర్లు. మొక్కకు 50 మిల్లీలీటర్ల చొప్పున ఈ 50 లీటర్లు వెయ్యి మొక్కలకు సరిపోతాయి. దీనికి యూరియా కిలో (2 శాతం), కాల్షియం కార్బొనేట్ 20 గ్రాములు (0.04 శాతం) కలపాలి. ఎకరాకు 16 వేల మొక్కలుంటే 800 లీటర్ల ద్రావణం, 51 మిల్లీలీటర్ల మందు, 16 కిలోల యూరియా, 320 గ్రాముల కాల్షియం కార్బొనేట్ అవుతాయి. మందు ఇంత తక్కువా అని అనుమానపడి రెట్టింపు పోయకండి.

నెల ముందు ఆపమన్న యూరియా ఇక్కడెందుకంటే, ఇది ఎరువుగా కాదు. మందు ఆకులోకి ఇంకడానికి తోడ్పడుతుంది. కాల్షియం కార్బొనేట్ ఆమ్లతను తగ్గించి ఇథిలీన్‌ను విడిపిస్తుంది. కనుక కలిపే వరుస ముఖ్యం. ముందు నీళ్లలో యూరియా కరిగించండి. తర్వాత ఇథెఫాన్ పోసి కలపండి. కాల్షియం కార్బొనేట్‌ను విడిగా కొద్ది నీళ్లలో కలిపి, పోయడానికి వెళ్లే ముందు చివరగా వేయండి. గంటలోపు పోయగలిగినంతే ఒక విడతకు కలుపుకోండి.

పది ఇరవై మొక్కలే ఉన్నవారికి లీటరుకు 0.064 మిల్లీలీటర్లు కొలవడం కుదరదు. ఒక మిల్లీలీటరు మందును 99 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి, దాన్నుంచి 6.4 మిల్లీలీటర్లు తీసుకుని లీటరు నీటిలో పోయండి, సరిగ్గా 25 పీపీఎం వస్తుంది. లీటరుకు యూరియా 20 గ్రాములు, కాల్షియం కార్బొనేట్ 0.4 గ్రాము, అంటే చిటికెడు. ఇది 20 మొక్కలకు చాలు.

ఎండ తగ్గాక, సాయంత్రం పూట మందు పోయాలి. పైనుంచి పిచికారీ చేస్తే మందంతా ఆకుల మీదే ఆరిపోతుంది. మగ్గుతోనో, నాజిల్ తీసేసిన స్ప్రేయర్ గొట్టంతోనో సుడి మధ్యలోకి 50 మిల్లీలీటర్లు పడేలా పోయండి. ఒక చిన్న గ్లాసుకు ఆ కొలత దగ్గర గీత పెట్టుకుంటే కూలీలందరూ ఒకే మోతాదు పోస్తారు. సుడిలో వాన నీళ్లు నిలిచి ఉంటే మందు పలచబడుతుంది, పొంగి పొర్లిపోతుంది కూడా. అలాంటప్పుడు ఒక రోజు ఆగడమే మేలు. పోశాక కనీసం 24 గంటలు, వీలైతే 36 గంటలు వాన పడకూడదు.

ఇథెఫాన్ కళ్లకు, చర్మానికి ప్రమాదకరమైన ఆమ్లం. గాఢమైన మందు కొలిచేటప్పుడు రబ్బరు తొడుగులు, కళ్లద్దాలు తప్పనిసరి. ఇనుప బకెట్లు, ఇత్తడి పంపులు వాడకండి, లోహాన్ని తినేస్తుంది. ప్లాస్టిక్ సామానే వాడండి.

నలభై రోజులకు మొదటి మొగ్గలు కనిపిస్తాయి, డెబ్బయ్యో రోజుకు దాదాపు అన్నీ పూస్తాయి. మందు పోసిన రోజు నుంచి కోతకు ఆరు నుంచి ఏడు నెలలు. చలి ప్రాంతమైతే ఇంకా ఆలస్యం. మొగ్గలు కనిపించేదాకా ఆగలేకపోతే, నెల రోజులకు ఒకటి రెండు మొక్కలు పీకి మొవ్వును నిలువుగా కోసి చూడండి. ఆకులు పుట్టే కొన సన్నగా, బల్లపరుపుగా ఉంటే పూత పట్టలేదు. ఉబ్బి గుమ్మటంలా లేచి, చుట్టూ చిన్న చిన్న బుడిపెలుంటే పట్టినట్టే. మడి మొత్తం ఎదురుచూసి రెండు నెలలు పోగొట్టుకోవడం కన్నా రెండు మొక్కలు పోగొట్టుకోవడం నయం.

పూత సగమే వచ్చిందంటే కారణం దాదాపు ఎప్పుడూ వీటిలో ఒకటే. మొదటిది వేసవి. రాత్రిళ్లు కూడా ఉక్కగా ఉన్నప్పుడు మొక్క ఇథిలీన్‌కు మొరాయిస్తుంది, మన కోస్తాలో ఏప్రిల్, మే నెలల్లో ఇది మామూలు. ఆ నెలల్లో తప్పనిసరైతే రాత్రి పొద్దుపోయాక పోయండి, కొన్ని రోజుల తేడాతో రెండోసారి పోయాల్సి రావచ్చు. రెండో కారణం మొక్కల ఎత్తులు సమంగా లేకపోవడం. నాటేటప్పుడే పెద్ద పిలకలు ఒక మడికి, చిన్నవి ఒక మడికి వేరుచేస్తే ఈ బాధ ఉండదు. మూడోది పాత మందు, లేదా ముందురోజు కలిపిన మందు. మోతాదు ఎక్కువైతే పూత వస్తుంది గానీ కాయ కాడ పొట్టిదై, మళ్లీ నాటడానికి పనికొచ్చే పిలకలు తగ్గుతాయి.

కార్బైడ్ గురించి ఇక్కడే చెప్పాలి. కాల్షియం కార్బైడ్ ముక్క సుడిలో వేస్తే, నీటితో కలిసి ఎసిటిలీన్ వస్తుంది. అది ఇథిలీన్‌లాగే పనిచేస్తుంది కనుక అనాస పూస్తుంది, ఒకప్పుడు చాలా దేశాల్లో అలాగే చేసేవారు. ఇప్పుడు వద్దు. ఎసిటిలీన్ నిప్పు తగిలితే పేలుతుంది, నాటు కార్బైడ్‌లో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ మలినాలుంటాయి, సుడిలోని లేత కణజాలం కాలుతుంది. పండ్లు మాగబెట్టడానికి దాన్ని మన దేశంలో నిషేధించారు, కొని దాచుకోవడమే చిక్కు. ఇథెఫాన్ ఖరీదు మొక్కకు పైసల్లో ఉన్నప్పుడు ఆ తలనొప్పికి అర్థం లేదు.

పాదుల్లో ఆడపూలు పెంచడం

దోస, సొర, బీర, గుమ్మడి, కాకరల్లో మొదట్లో మగపూలే విరగబూసి, పిందె పడే ఆడపూలు ఆలస్యంగా, తక్కువగా వస్తాయి. వేసవిలో పొడుగు పగళ్లు, వేడి రాత్రులు ఉన్నప్పుడు ఇది మరీ ఎక్కువ. దోసలో ప్రతి మొగ్గా మొదట రెండు లింగాల భాగాలతోనే మొదలవుతుంది. ఇథిలీన్ బాగా అందిన మొగ్గలో కేసరాలు ఎదగకుండా ఆగి అది ఆడపువ్వు అవుతుంది. అందకపోతే అండాశయం ఆగి మగపువ్వు అవుతుంది. ఈ నిర్ణయం మొగ్గ కంటికి కనిపించకముందే జరిగిపోతుంది కనుక పిచికారీ కూడా ముందుగానే ఉండాలి. తీగ పందిరెక్కాక కొట్టే మందు వృథా.

రెండు నిజమైన ఆకులు వచ్చినప్పుడు ఒకసారి, నాలుగు ఆకుల దశలో మరోసారి, 10 లీటర్ల నీటికి 2.5 మిల్లీలీటర్ల ఇథెఫాన్ కలిపి ఆకులు తడిసేలా పిచికారీ చేయండి. బీజదళాలను (గింజ మొలకెత్తగానే వచ్చే మొదటి జత ఆకులను) ఆకులుగా లెక్కించకండి. ఇక్కడ ఒక గందరగోళం ఉంది. కొన్ని కరపత్రాల్లో ఈ మోతాదునే 250 పీపీఎం అని రాస్తారు, అది సీసాలోని మొత్తం ద్రవాన్ని లెక్కించడం వల్ల. అసలు మందు లెక్కన 39 శాతంలో అది దాదాపు 100 పీపీఎం. ఎక్కడైనా పీపీఎం మాత్రమే కనిపిస్తే, 10 లీటర్లకు ఎన్ని మిల్లీలీటర్లు అని అడిగి తెలుసుకున్నాకే కలపండి. పొరపాటున రెండున్నర రెట్లు పడితే లేత మొక్క గిడసబారుతుంది, ఆకులు పసుపెక్కుతాయి, కణుపులు కుచించుకుపోతాయి.

పెరట్లో నాలుగు పాదులకు లీటరు చాలు, మందు 0.25 మిల్లీలీటర్లు. ఇన్సులిన్ సిరంజితో తేలిగ్గా కొలవవచ్చు. అయితే సిరంజి మీద రాసింది చూడండి. 40 యూనిట్ల సిరంజిలో అది 10వ గీత, 100 యూనిట్ల దానిలో 25వ గీత. వాడిన సిరంజిని మళ్లీ దేనికీ వాడకుండా పారేయండి.

ప్రతి పది మొక్కల్లో ఒకదానికి మందు కొట్టకుండా వదిలేయండి. ఇది చాలామంది మరిచిపోతారు. అన్ని పాదులకూ కొడితే కొన్నాళ్లు మగపూలే లేక ఆడపూలు పరాగం అందక రాలిపోతాయి. చూసినవాళ్లు మందు పనిచేయలేదనుకుంటారు, నిజానికి అది మరీ బాగా పనిచేసింది. వదిలేసిన పాదులే మిగతావాటికి పుప్పొడి ఇస్తాయి. తేనెటీగలు తిరిగే పొద్దుటి పూట పురుగుమందులు కొట్టకండి.

పుచ్చకు మాత్రం ఈ మందు కొట్టవద్దు. దోస కుటుంబమే అయినా పుచ్చలో ఇథిలీన్ ఎదురు పనిచేసి ఆడపూలను తగ్గిస్తుంది. పక్క వరుసలో పుచ్చ ఉంటే గాలివాటు చూసి కొట్టండి.

ఇథిలీన్ పని ఆపాల్సిన అవసరం కూడా వస్తుంది. పూర్తిగా ఆడపూలే పూసే దోస వంశాల నుంచి విత్తనం తీయాలంటే మగపూలు కావాలి. అప్పుడు విత్తనోత్పత్తిదారులు సిల్వర్ నైట్రేట్ గానీ సిల్వర్ థయోసల్ఫేట్ గానీ పిచికారీ చేస్తారు. ఇథిలీన్‌ను పట్టుకునే గ్రాహకంలో ఒక రాగి అయాన్ ఉంటుంది, వెండి దాని స్థానంలో చేరి సంకేతం అందకుండా అడ్డుకుంటుంది. తినే పంటకు వెండి లవణాలు వాడకూడదు.

అక్కర్లేని చోట ఇథిలీన్

విచ్చుకున్న పువ్వుకు ఇదే వాయువు ముసలితనం తెస్తుంది. కార్నేషన్ రేకులు గాలిలో పది లక్షల వంతుల్లో ఒక వంతు ఇథిలీన్ ఉన్నా లోపలికి ముడుచుకుపోతాయి. నెలల తరబడి నిలిచే ఫెలనాప్సిస్ ఆర్కిడ్ పువ్వు పరాగసంపర్కం జరిగిన కొద్ది రోజులకే వాడిపోతుంది, అప్పుడు పువ్వు తానే ఇథిలీన్ విడుస్తుంది. కాబట్టి కోసిన పూలను, ఆర్కిడ్ కుండీలను పండ్ల బుట్ట పక్కన, మామిడి మాగబెట్టే గదిలో ఉంచకండి. ఫ్రిజ్‌లో పూలు పెట్టే అరలో ఆపిల్, టమాటా ఉండకూడదు. వాడిన పూలను గుత్తిలోంచి ఎప్పటికప్పుడు తీసేయండి, అవి విడిచే వాయువు పక్క పూలకు పాకుతుంది. పాలీహౌస్‌లో చలికి కిరోసిన్ హీటర్ పెట్టడం, తలుపులు మూసి జనరేటర్ నడపడం కూడా ఇదే నష్టం చేస్తాయి. ఆకులు కిందికి వాలి, మొగ్గలు విచ్చుకోకుండానే రాలుతుంటే తెగులు మందు కొనడానికి ముందు పొగ ఎక్కడి నుంచి వస్తోందో వెతకండి.

పూల వ్యాపారులు పెద్ద ఎత్తున 1-మిథైల్ సైక్లోప్రొపీన్ వాయువు వాడతారు. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో సిస్లర్, బ్లాంకెన్‌షిప్ కనిపెట్టిన ఈ వాయువు గ్రాహకాలను ముందే పట్టుకుని కూర్చుంటుంది, తర్వాత ఇథిలీన్ వచ్చినా దానికి చోటుండదు. దీన్ని కూడా మూసిన గదిలోనే, కొన్ని గంటల పాటు పెట్టాలి. ఇథిలీన్ తగిలి పూలు వాడిపోవడం మొదలయ్యాక పెడితే ఉపయోగం ఉండదు, కోసిన రోజే పెట్టాలి.